బ్రసెల్స్ సంతలో 900 యూరోలకు ఉక్కు కవచం: నిజంగా 16వ శతాబ్దానిదేనా?

మీరు అడిగింది ఇదీ: బ్రసెల్స్‌లో ఉద్యోగం, మారోల్ పేటలోని పాత సామాన్ల సంతలో తల నుంచి పాదాల దాకా ఉన్న ఉక్కు కవచం కనిపించింది, అమ్మే ఆయన 1550 నాటిదని చెప్పి 900 యూరోలు అడిగాడు. అసలుదేనా, ఎలా తేల్చుకోవాలి, తర్వాత హైదరాబాద్‌కి పట్టుకెళ్లొచ్చా?

నేను లీడ్స్‌లో ఉంటాను. పాత యూరప్ కత్తులు, బయొనెట్లు (తుపాకీ మొనకి బిగించే కత్తులు), ఎప్పుడైనా ఓ కవచం ముక్క కొంటుంటాను. ఫొటో చూడకుండానే చెప్తున్నా, అది 1550 నాటిది కాదు. ఆ కాలపు కవచం, అన్ని ముక్కలూ మొదటి నుంచీ ఒకే సెట్‌వి అయినది, అమ్మకానికి రావడమే అరుదు. వచ్చినా పెద్ద వేలం సంస్థల్లో, మనం ఇల్లు కొనేటప్పుడు మాట్లాడుకునే అంకెల్లో ఉంటుంది. 900 యూరోలకి ఆ కాలపు ఇనప చేతి తొడుగు మంచిది ఒక్కటి రావడమే కష్టం.

అలాగని అది పనికిరానిదని కాదు. 19వ శతాబ్దంలో యూరప్ సంపన్నులకి మధ్యయుగాల మోజు బాగా పట్టింది. 1839లో స్కాట్లాండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు గుర్రాల మీద ఈటెలతో తలపడే పాతకాలపు పోటీలు పెట్టి, కవచాలు తొడిగించి మరీ నడిపించాడు (మొదటి రోజంతా వానే). వాటికి కవచాలు సమకూర్చిన లండన్ వ్యాపారి శామ్యూల్ ప్రాట్ అసలువీ నకిలీవీ కలిపి అమ్మినవాడిగా పేరు మోశాడు. ఆ తర్వాత మ్యూనిక్‌లో ఎర్న్‌స్ట్ ష్మిట్ కార్ఖానా చాలా నాణ్యమైన ప్రతిరూపాలు చేసింది. వాటికి ఇప్పుడు సొంతంగా విలువుంది, ఏరి కొనేవాళ్లున్నారు. ఇక 20వ శతాబ్దంలో హోటల్ లాబీల కోసం పల్చటి రేకుతో చేసినవి లెక్కలేనన్ని. ఈ మధ్య యూరప్ సంతల్లో కనిపించే హెల్మెట్లలో మన డెహ్రాడూన్ వైపు తయారై వచ్చినవీ ఉంటాయి. నలుపు పూసి, కొంచెం తుప్పు పట్టించి, ‘తాతగారి అటకమీద దొరికింది’ అంటారు.

మరి తేల్చేదెలా? బయట వైపు వదిలేయండి, లోపల చూడండి. నకిలీ చేసేవాడు కష్టమంతా బయటే పెడతాడు. ఒకసారి లీడ్స్ దగ్గర ఓ ఫెయిర్లో 17వ శతాబ్దపు ఈటె సైనికుడి ఛాతీ కవచం చేతిలోకి తీసుకున్నాను. బయట ఎవరో తోమి తోమి మెరిపించారు, చూడ్డానికి కొత్తదాన్లా ఉంది. తిప్పితే లోపలంతా నల్లగా, సుత్తి దెబ్బల గుంటలు ఒకదాని మీద ఒకటి, ఒక్కటీ ఇంకోదానిలా లేదు. అంచు దగ్గర వేళ్ల మధ్య పట్టుకుని మధ్యకి జరుపుతూ పోతే మందం పెరగడం చేతికే తెలిసింది. బాణమో గుండో తగిలే చోట కమ్మరి ఇనుము ఎక్కువ ఉంచాడు, పక్కలకి వచ్చేసరికి బరువు తగ్గించాడు. ఒకచోట ఇనుము పొరలుగా విడిపోతోంది, పాత కొలిమి ఇనుములో చిట్టెం (కరిగించినప్పుడు తేలే మలినం) మిగిలిపోతే అలా అవుతుంది. మిల్లు రేకుతో చేసినదైతే మందం అంతటా ఒకటే. పొరలూ ఉండవు.

తర్వాత కీళ్లు. మోచేయి, భుజం దగ్గర పలకలు ఒకదాని మీదికి ఒకటి జారాలి, ఎందుకంటే అందులో మనిషి కదలాలి. అలంకారం కోసం చేసినవాటిలో చాలావాటికి పలకలు కదలకుండా రివెట్లు కొట్టేసి ఉంటాయి. చేయి వంగదు. బరువు కూడా చూడండి: యుద్ధానికి తొడిగే పూర్తి కవచం సుమారు 20 నుంచి 25 కిలోలు. హెల్మెట్ లోపల కరెంటు వెల్డింగ్ గీత కనిపిస్తే ఇక మాట్లాడేదేం లేదు. అయితే రెండు ముక్కలు కలిపి చేసినవన్నీ నకిలీ అనుకోకండి, 17వ శతాబ్దపు ఇంగ్లిష్ అంతర్యుద్ధం నాటి హెల్మెట్లు కొన్ని అలాగే చేశారు. తోలు పట్టీలు కొత్తవైతే కంగారు పడక్కర్లేదు, అవి మార్చనిది దాదాపు ఉండదు. తుప్పు మాత్రం చూడండి. యాసిడ్‌తో తెప్పించిన గుంటలు రవ్వ చల్లినట్టు అంతటా సమానంగా ఉంటాయి. కాలం తెచ్చిన తుప్పు ఒకచోట లోతు, ఒకచోట అసలుండదు.

గొలుసు కవచం గురించి ఒక్క మాట. రింగులు ఊరికే వంచి మూసినవైతే సినిమా సామానో నాటకాల సామానో. ప్రతి రింగుకీ రివెట్ ఉంటే పాతదయ్యే అవకాశముంది, కానీ యూరప్‌ది కాకపోవచ్చు. మన దేశపు గొలుసు కవచాలు క్రూసేడ్ల (మధ్యయుగపు మతయుద్ధాల) నాటివని చెప్పి అమ్ముడుపోయిన సందర్భాలు బోలెడు.

ముద్రలు చూసి మాత్రం పడిపోకండి. జర్మనీలోని పాసౌ కత్తుల మీద పరిగెత్తే తోడేలు ముద్ర ఉండేది. అది బాగా అమ్ముడవుతోందని ఇంకో జర్మన్ ఊరు సోలింగెన్ కమ్మరులు ఆ కాలంలోనే వేసేసుకున్నారు. స్కాట్లాండ్ కత్తుల మీద ‘ఆండ్రియా ఫెరారా’ అని ఓ ఇటలీ కమ్మరి పేరు ఉంటుంది, అలుగు (కత్తి రేకు) చూస్తే చాలావరకు సోలింగెన్‌దే. దక్కన్‌కీ ఇలాంటి అలుగులు ఓడల్లో వచ్చాయి, వాటికి అక్కడి పిడి బిగించి ఫిరంగి (అంటే పరదేశీ) కత్తి అన్నారు. అలా వచ్చినవాటిలో ఇటలీలోని జెనోవా ముద్రలుంటే, చూసి మన కమ్మరులూ అవే కొట్టారు. అంటే ముద్ర దొంగదైనా కత్తి మూడొందల ఏళ్లది కావచ్చు.

నన్నడిగితే మొదట కవచం జోలికే వెళ్లకండి. ఫ్రెంచ్ 1874 మోడల్ ‘గ్రా’ రైఫిల్ బయొనెట్‌తో మొదలుపెట్టండి. లక్షల్లో చేశారు, ఇప్పటికీ బెల్జియం సంతల్లో తేలిగ్గా దొరుకుతుంది, నేను చూసినంతలో వంద యూరోల లోపే. ఇత్తడి తల, చెక్క పిడి, అర మీటరు పైచిలుకు సన్నటి అలుగు. దాని వెన్ను మీద గొలుసుకట్టు రాతలో కార్ఖానా పేరు, నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి: సెంట్ ఎటియెన్, ఏప్రిల్ 1878, ఇలా. పిడికీ అలుగుకీ మధ్య ఉన్న అడ్డపట్టీ మీద నంబరు, ఒర మీద నంబరు ఒకటే అయితే అవి రెండూ మొదటి నుంచీ కలిసున్నట్టు. తర్వాత బ్రిటిష్ ఆఫీసర్ కత్తులు. లండన్ కత్తుల కంపెనీ విల్కిన్‌సన్ వాళ్లవైతే 1850ల మధ్య నుంచి పిడి దగ్గర వెన్ను మీద నంబరు వేశారు. కంపెనీ రిజిస్టర్లు మిగిలున్నాయి కాబట్టి మొదట కొన్న ఆఫీసరెవరో తెలిసే అవకాశం ఉంది. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

ఏది కొన్నా ఉప్పుకాగితం ముట్టించకండి. నూనె గుడ్డతో తుడిచి పలచగా మైనం రాస్తే చాలు.

హైదరాబాద్ సంగతి. కవచం ఆయుధం కాదు కాబట్టి గొడవ తక్కువ, కస్టమ్స్‌లో సుంకం, ప్రశ్నలు ఉంటాయి. కత్తి, బయొనెట్ అలా కాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఆయుధాలు దేశంలోకి తేవాలంటే లైసెన్సు ఉండాలి. సూట్‌కేస్‌లో పెట్టుకుని దిగి, ఎయిర్‌పోర్ట్‌లో టెన్షన్ పడొద్దు. ముందే కస్టమ్స్‌ని రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, వందేళ్లు దాటిన వస్తువు ఒకసారి ఇండియాలోకి వచ్చాక 1972 పురావస్తు చట్టం వల్ల మళ్లీ బయటికి తేవడం తలనొప్పి. మీరు మళ్లీ యూరప్ వచ్చే ఆలోచనలో ఉంటే ఇక్కడే ఎవరి దగ్గరైనా ఉంచడం మేలు.

మళ్లీ సంతకి వెళ్లే ముందు దగ్గర్లోనే ఉన్న పోర్ట్ ద హాల్‌ కోట ద్వారంలోని మ్యూజియం చూసి వెళ్లండి, అసలు కవచం అంచులు, రివెట్లు ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది. తర్వాత ఆయన్ని అడిగి హెల్మెట్ తీయించి లోపలి ఫొటో ఒకటి, మోచేయి కీలు లోపలి ఫొటో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. ముందు వైపు ఫొటోలు అక్కర్లేదు. 19వ శతాబ్దపు చేతిపని అని తేలితే 900 అన్యాయమైన ధరేం కాదు, బేరమాడి 700కి తెచ్చుకోండి. వెల్డింగ్ కనిపిస్తే 200 కూడా దండగ.