కవిత నాదే అనిపించాలంటే ఎలా రాయాలి?

‘నా కవితలు చదివి అందరూ బాగున్నాయంటున్నారు. నాకు మాత్రం అవి నావి కావనిపిస్తోంది. నిజాయితీగా రాయడం ఎలా? ఛందస్సు నేర్చుకోవాలా?’ అని అడిగారు. పాలకొల్లు దగ్గర పల్లెటూరని, డిగ్రీ చదువుతున్నానని కూడా రాశారు. నాది కోనసీమ, మీకు ఏటి అవతల. డెబ్బై దాటాయి. చదువుకునే రోజుల నుంచీ రాస్తూనే ఉన్నాను కాబట్టి, నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా, ఆ అనుమానం రావడం మంచిదమ్మా. దాన్ని పోగొట్టుకోకండి. బాగుందన్న మాటలకి అది చచ్చిపోతే మళ్ళీ తెచ్చుకోవడం కష్టం.

అబద్ధం రాద్దామని ఎవరూ కూర్చోరు. కలం పట్టుకోగానే ఎవరో ఇదివరకే రాసేసిన అనుభూతి మనకంటే ముందు వచ్చి కాగితం మీద కూర్చుంటుంది. అమ్మ అనగానే దేవత, రైతు అనగానే దేశానికి వెన్నెముక, కోనసీమ అనగానే పచ్చచీర. మనం ఇంకా చూడకముందే మన బదులు ఎవరో చూసిపెట్టేశారు. అందుకే మీవి మీకు పరాయిగా కనబడుతున్నాయి.

కొన్నేళ్ళ కిందట రాజోలు వైపు నుంచి ఒక కుర్రాడు అమ్మ మీద కవిత పట్టుకొచ్చాడు. గోరుముద్దలు, జోలపాట, చందమామ, అన్నీ ఉన్నాయి. లయ కూడా కుదిరింది. ‘మీ అమ్మగారు ఏం చేస్తారు బాబూ’ అని అడిగితే, ‘కువైట్‌లో ఇంటిపని అండి, నేను ఆరో తరగతిలో ఉండగా వెళ్ళింది’ అన్నాడు. మన రెండు జిల్లాల్లోనూ అలాంటి ఇళ్ళు ఎన్నో మీకూ తెలుసు. పెంచింది అమ్మమ్మ. గోరుముద్దలు పెట్టిందీ ఆవిడే. మరి అమ్మ అంటే నీకు ఏం గుర్తొస్తుంది అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: శుక్రవారం సెలవు దొరికితే వీడియో కాల్ చేస్తుందట. మాటలు అయ్యాక ఫోను ఇల్లంతా తిప్పి చూపించమంటుందట. వంటింట్లోకి రాగానే, ‘ఉప్పు డబ్బా కిటికీ పక్కన పెట్టారేంట్రా, జల్లు కొట్టదూ?’ అంటుందట.

అది రాయి అన్నాను. ‘అది కవిత ఎలా అవుతుందండి?’ అన్నాడు. రాసుకొచ్చాక చూస్తే, సముద్రం అవతల నుంచి తన వంటిల్లు తను సర్దుకుంటున్న మనిషి అందులో ఉంది. దేవత పోయింది, కన్నీళ్ళు పోయాయి. మా ఆవిడ విని, ఇంకోసారి చదవమంది. ఆ కుర్రాడు వాళ్ళమ్మకి ఫోన్లో వినిపిస్తే, ‘ఉప్పు డబ్బా కాదురా, చింతపండు జాడీ’ అని దిద్దిందట. కవితలో కూడా మార్చేశాడు.

ఇంకో సంగతి, ఇది మీరు పుట్టకముందుది. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలకు తోటలే పడిపోయాయి. ఆ తర్వాత కొన్ని నెలలు మా వైపు ఎవరి నోట విన్నా తుఫాను కవితే. ప్రకృతి కన్నెర్ర, మృత్యుతాండవం, కడలి ఉగ్రరూపం. రాసినవాళ్ళందరూ నిజంగా బాధపడినవాళ్ళే. అయినా ఊరి పేరు తీసేస్తే అవి ఏ దేశపు తుఫానుకైనా సరిపోతాయి. నాకు బాగా గుర్తున్నది ఎండ. మా వీధి అరుగు మీద, నూతి గట్టు మీద నేను పుట్టిన దగ్గర్నుంచి నీడే. ఆ తర్వాతి వేసవికి అరుగు మీద అరికాలు పెట్టలేకపోయాం. నేను అదొక్కటే రాశాను. పోయినవాళ్ళ గురించి రాయలేదు. మా ఇంట్లో ఎవరూ పోలేదు. పక్క ఊళ్ళో మనిషిని పోగొట్టుకున్న ఇల్లాలి గొంతు అరువు తెచ్చుకుని ఏడవడానికి నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు.

అలాగని మన బతుకు దాటి ఏదీ రాయకూడదని కాదు. తణుకు కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ (1921–66) తపాలా బంట్రోతు మీద రాసిన కవిత మీరు చదివే ఉంటారు. ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషి చూపు అందులో ఉత్తరం తెచ్చే మనిషి మీదకి మళ్ళుతుంది. ఆయన తపాలా బంట్రోతు కాదు. కానీ గుమ్మంలో నిలబడ్డ మనిషిని నిజంగా చూశాడు. పరాయి బాధ రాయాలంటే ఆ మాత్రం చూడాలి.

చూడటమంటే కబుర్లు కాదు, సంగతి సరిగ్గా తెలియాలి. మే నెలలో జరిగే కవితలో మన కాలువ గలగల పారుతుంటే నాకు అక్కడే పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి మన నీళ్ళకి ఒక లెక్క ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువ కట్టేస్తారు, పిల్లలు అందులో దిగి క్రికెట్ ఆడతారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. కాలువ మీద కవిత రాసేవాళ్ళకి ఎండిన కాలువ వాసన కూడా తెలిసుండాలి.

యాస గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఈమధ్య గోదావరి కవిత అంటే నాలుగు ‘ఆయ్’లు, రెండు పులసలు, ఒక పూతరేకు. సినిమాల్లో మనల్ని చూపించినట్టు మనమే మనల్ని రాసుకుంటున్నాం. మీ ఇంట్లో ఎవరు ఎలా మాట్లాడతారో అలా రాయండి. మీ నాన్నగారు ‘టెన్షన్ పడకు’ అంటే ‘ఆందోళన చెందకు’ అని మార్చకండి.

బాధ ఎంత ఉందో అంతే రాయండి. పరీక్షలో మార్కులు తగ్గిన దిగులుని చితిమంటల దాకా తీసుకెళ్ళక్కర్లేదు. చిన్న దిగుళ్ళ మీద మంచి కవితలు మనకి తక్కువగా ఉన్నాయి కూడా.

ఛందస్సు రాకపోతే కవిత్వం రాదని నేననను. కానీ ఆటవెలది నేర్చుకోండి, వేమన పద్యాల ఛందస్సు అదే. గణమంటే గురులఘువుల చిన్న కట్ట; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం దానికంటే పెద్దది. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో అయిదూ సూర్యగణాలే. కొన్నాళ్ళు కుస్తీ పడితే వచ్చేస్తుంది. పద్యం రాసేటప్పుడు గణం నింపడానికి అవసరం లేని మాట ఒకటి దూర్చాలని చెయ్యి లాగుతుంది. అలా దూరిన మాటని పట్టుకోవడం అలవాటయితే, వచన కవితలో కూడా ఎక్కడ ఊరికే ఊదరగొడుతున్నామో చెవికి తెలిసిపోతుంది. నా మటుకు వచనం బాగుపడింది పద్యం వల్లే.

ఇక ఎవరికి చూపించాలన్నది. రాసిన పూటే ఫేస్‌బుక్‌లో పెట్టకండి. నాలుగు రోజులు పక్కన ఉంచి, ఆ పని తెలిసినవాళ్ళకి చదివి వినిపించండి. ఊడ్పుల మీద రాస్తే ఊడ్పులకి వెళ్ళే ఆవిడకి, కొబ్బరి దింపు మీద రాస్తే దింపు తీసే మనిషికి. బాగుందంటే సంతోషించి ఊరుకోండి. ‘అలా కాదమ్మా, మేం వెనక్కి నడుస్తూ నాటుతాం’ అని దిద్దితే మాత్రం వెంటనే రాసుకోండి. మీ కవితల్లో మీకు బాగా అనుమానంగా ఉన్నది ఒకటి కింద పెడితే, చదివి ఏ పాదం దగ్గర ఆగానో చెబుతాను.