కడియానికి చేతకానిది ఏమిటి?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ నవల మొదటి ఐదు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. నీళ్ళ మీద తేలే ఆ నగరం, ఉత్తరాలు చేరవేసే ఆ పిల్ల, పడవ మీంచి పడవ మీదికి ఆమె దూకడం, అన్నీ కళ్ళకు కట్టాయి. నీకు రాయడం వచ్చమ్మా. అందుకే ఇబ్బంది ఎక్కడుందో సూటిగా చెబుతున్నాను. ఇబ్బందంతా ఆమె చేతికున్న కడియంతోనే.

రెండో అధ్యాయంలో ఆ కడియం దారి చూపించింది. మూడో దాంట్లో తాళం తీసింది. నాలుగో దాంట్లో గాయం మాన్పింది. ఐదో అధ్యాయంలో కాపలావాళ్ళు ఆమెను చుట్టుముడితే నాకు ఏమాత్రం టెన్షన్ పుట్టలేదు. కడియం ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అనుకున్నాను. చదివేవాళ్ళు అలా అనుకున్నాక ఆ పిల్ల తెలివికీ ధైర్యానికీ కథలో పని లేకుండా పోతుంది.

ఇది కొత్తవాళ్ళకే వచ్చే కష్టం కాదు. 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లో 1968లో సోనిక్ స్క్రూడ్రైవర్ అనే చిన్న పరికరం వచ్చింది. మొదట స్క్రూలు విప్పడానికే వాడారు. పోనుపోను తలుపులు తెరవడం దగ్గర్నుంచి ఇంకా చాలా పనులు దానికి అంటగట్టారు. చివరికి 1982లో కథలోనే దాన్ని నాశనం చేయించారు. అది జేబులో ఉన్నంతకాలం కథానాయకుడు డాక్టర్ ఏ చిక్కులోంచైనా ఇట్టే బయటపడుతున్నాడని. చాలా ఏళ్ళకి అది తిరిగొచ్చిందనుకో, అది వేరే సంగతి.

కాబట్టి ఏ వస్తువునైనా ఊహించేటప్పుడు దానికి ఏం చేతకాదో ముందు రాసుకో. బరువెంత? శక్తి ఎక్కడిది? ఎంతసేపు పనిచేస్తుంది? తడిస్తే ఏమవుతుంది? నీ నగరమంతా నీళ్ళే కనుక ఆ చివరి ప్రశ్న నిన్ను ఎలాగూ వదలదు. వాడకంలోకి వచ్చిన అసలు వస్తువుల్ని చూసినా ఇది తెలుస్తుంది. 1983లో అమెరికాలో అమ్మకానికి అనుమతి పొందిన మోటరోలా డైనాటాక్ సెల్‌ఫోన్ దాదాపు 800 గ్రాముల బరువు. 10 గంటలు ఛార్జి చేస్తే మాట్లాడుకోవడానికి అరగంట. ఆ అరగంటని ఒక పాత్ర చేతిలో పెట్టి చూడు. ముందు ఎవరికి చేస్తాడు? ఎవరితో పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తాడు, ఎవరి దగ్గర టైమ్ మర్చిపోతాడు? అసలు చెప్పాల్సిన మాట నోట్లో ఉండగానే ఫోన్ ఆగిపోతే?

నేను ఈ సంగతి చేత్తో నేర్చుకున్నాను. ఒక సముద్రయానం నవల రాస్తూ, నా నావికురాలికి చీకట్లో దిక్కు చెప్పే డబ్బా ఒకటి ఇచ్చాను. కాగితం మీద బాగానే ఉంది. ఎందుకో అనుమానం వచ్చి, అట్టముక్కలతో అదే కొలతల్లో ఒకటి చేశాను. బరువు కోసం లోపల గులకరాళ్ళు పోసి, గట్టిగా పట్టే మూత బిగించాను. రాత్రి దీపాలార్పేసి, దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మూత తీయాలంటే రెండు చేతులూ కావాలి. నవల్లోనేమో ఆమె ఒక చేత్తో తెరచాప తాడు పట్టుకుని, రెండో చేత్తో డబ్బా తెరిచేస్తోంది, అదీ తుఫానులో. ఆ రాత్రే కూర్చుని ఆ ఘట్టం మార్చాను. ఆమె తాడు వదలదు, మూతను పళ్ళతో లాగుతుంది. ఇక నవల చివరిదాకా ఆ మూత అంచున పంటిగాట్లు ఉంటాయి. ఆమె పోయాక డబ్బా తమ్ముడి చేతికి వస్తుంది. అతను ఆ గాట్ల మీద బొటనవేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంటాడు. అక్కడ ఆమె గురించి ఇంకొక్క మాట కూడా రాయాల్సిన అవసరం రాలేదు.

నువ్వూ ఆ కడియం చేసి చూడు. తీగతోనో మట్టితోనో, ఎలా వస్తే అలా. రోజంతా చేతికి ఉంచుకో. చొక్కా చెయ్యి దాని మీంచి దిగుతుందా? పడుకుంటే మణికట్టుకి ఒత్తుకుంటుందా? పరిగెత్తితే చప్పుడవుతుందా? ఐదేళ్ళు తీయకుండా పెట్టుకుంటే కింద చర్మం పాలిపోతుంది. అది తీసిన రోజు ఆమె ఆ తెల్లటి గీతను చూసుకుంటుంది.

ఇంకొకటి. తాళాలు తీసే కడియాలున్న ఊళ్ళో తాళాలు మనం ఎరిగినట్టు ఉండవు. జనం తలుపు వెనకాల అడ్డగడియ పెట్టుకుంటారు, లేదా కుక్కని పెంచుకుంటారు. కడియం చెడిపోతే బాగుచేసేవాళ్ళుంటారు, వాళ్ళకి ఎవరి గుట్టు ఏమిటో తెలుస్తుంది. ఇవేవీ నీ నగరంలో కనబడలేదు. కడియం ఆ లోకంలో తయారైనట్టు లేదు, నువ్వు తెచ్చి పెట్టినట్టుంది.

1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టెని గుర్తు తెచ్చుకో. మూత తెరిచినవాళ్ళకి తమకు ప్రియమైనది కనబడుతుంది, అంతే. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. ఆ పెట్టె ఎవర్నీ ఆపదలోంచి తప్పించదు. పైగా ఎవరి మనసులో ఏముందో అందరి ముందూ బయటపెట్టేస్తుంది. నాకు తెలిసినంతలో ఒక వస్తువుతో ఇంతకన్నా మంచి పని ఎవరూ చేయించలేదు. పేర్లకైనా ఆ సినిమానే చూడు, తల్పానికి గిల్పం, కంబళికి గింబళి. వినగానే నోటికి పట్టేస్తాయి. నీ 'బహుళార్థసాధక తరంగ కంకణం' రోజూ వాడేవాళ్ళ నోట్లో ఒక్క వారం కూడా అలా నిలవదు. వాళ్ళు దాన్ని అరగదీసి ఏమని పిలుస్తారో ఆ పేరు పెట్టు.

ముందు మూడో అధ్యాయం మళ్ళీ రాయి. రాత్రి వానకి కడియం తడిసింది, పలకడం లేదు. భుజాన ఉత్తరాల సంచీ, వెనక అడుగుల చప్పుడు. తలుపు అవతల ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు. ఆ పిల్ల ఆయనతో ఏం మాట్లాడి తలుపు తీయిస్తుందో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది. రాయగానే పంపు.

నీ మేలు కోరే
ఒక పాత రచయిత