అమెరికన్ ర్యాపర్ ఎమినెమ్ ఆల్బమ్ 'ది డెత్ ఆఫ్ స్లిమ్ షేడీ' చార్టుల్లో నంబర్ వన్ అయినా విమర్శకులకు ఎందుకు నచ్చలేదు?

అస్సలు నచ్చలేదని కాదు, ఒకే రివ్యూలో మెచ్చుకోలూ విసుగూ రెండూ కనిపించాయి. 2024 జులై 12న వచ్చిన ఈ ఆల్బమ్, అప్పటిదాకా వరుసగా 12 వారాలు బిల్‌బోర్డ్ 200 (అమెరికా ఆల్బమ్‌ల చార్టు) పైన కూర్చున్న టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌ని దించేసింది. అమ్మకాల సంగతి అంతే.

గొడవంతా కాన్సెప్ట్ దగ్గర. స్లిమ్ షేడీ అంటే 90ల చివర్లో ఎమినెమ్ తనకోసం సృష్టించుకున్న నోటిదురుసు పాత్ర. ఇందులో వాడిని మళ్లీ లేపి, ట్రాన్స్‌జెండర్ల మీద, వికలాంగుల మీద, 2004లోనే చనిపోయిన నటుడు క్రిస్టఫర్ రీవ్ మీద జోకులు వేయించి, చివరికి 'గిల్టీ కాన్షన్స్ 2' పాటలో వాడితో వాదించి చంపేస్తాడు. అవి షేడీ మాటలు, ఎమినెమ్‌వి కావు అని అభిమానులు అంటారు. నాకైతే ఆ వాదన సగమే నిలబడుతుంది, ఎందుకంటే పాత్రని తప్పుబట్టడానికి అన్నేసి పాటల నిండా అవే జోకులు అక్కర్లేదు. 2000లో అతని మాటలు ప్రమాదకరమని కోపం వచ్చింది, ఈసారి చాలామంది ఫిర్యాదు అవి పాతబడ్డాయని.

రైమ్‌లు పేర్చే నైపుణ్యాన్ని మాత్రం తిట్టినవాళ్లు కూడా ఒప్పుకున్నారు. కూతురు హేలీ కోసం రాసిన 'టెంపరరీ' పాట వినండి, తను లేని రోజున ఆమె వినాలని చెప్పుకున్న మాటలవి, ఆల్బమ్‌లో నన్ను నిజంగా కదిలించింది అదే.