ఇంగ్లీష్ మీడియంలో చదివినా కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఐఈఎల్‌టీఎస్ రాయాలా?

రాయాల్సిందే. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్ల ర్యాంకు చూసి పీఆర్‌కి పిలిచే కెనడా పద్ధతిలో, డిగ్రీ ఇంగ్లీష్ మీడియం అనో, ఆఫీసులో రోజూ ఇంగ్లీషే మాట్లాడతాననో చెబితే చెల్లదు. కెనడాలోనే చదివినవాళ్లకూ మినహాయింపు లేదు. ఐఈఎల్‌టీఎస్ అయితే జనరల్ ట్రైనింగే రాయాలి, కాలేజీ అడ్మిషన్ కోసం రాసిన అకడమిక్ స్కోరు పనికిరాదు. దానికి బదులు సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్ అనే ఇంగ్లీష్ పరీక్షలను కూడా ఒప్పుకుంటారు.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో నైపుణ్యమున్న ఉద్యోగుల కోసం ఉన్న ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ ప్రోగ్రామ్‌కి నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి కొలమానం) 7, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కోదానికి 6.0 ఉండాలి. ఓవరాల్ బ్యాండ్‌ని ఇక్కడ ఎవరూ చూడరు. పైగా 6.0 అర్హత వరకే. అసలు గురి సీఎల్‌బీ 9 మీద పెట్టుకోండి: లిజనింగ్ 8.0, మిగతా మూడూ 7.0. మనవాళ్లలో చాలామందికి రైటింగ్ దగ్గరే టెన్షన్. అక్కడ 6.5 దగ్గర ఆగితే ఏమవుతుందో చూడండి. పెళ్లికాని, మాస్టర్స్ ఉన్న, మూడేళ్లకు పైగా విదేశీ అనుభవం ఉన్న అభ్యర్థికి రైటింగ్‌లో పోయేవి 8 పాయింట్లే. కానీ చదువుకీ అనుభవానికీ భాషతో కలిపి ఇచ్చే పాయింట్లు సగానికి పడిపోయి, ఇంకో 50 పోతాయి. ఆ అర బ్యాండ్ కోసం మళ్లీ ఫీజు కట్టడం నా దృష్టిలో దండగ కాదు.

రిజల్ట్‌కి రెండేళ్లే గడువు. ప్రొఫైల్ పెట్టిన రోజే కాదు, పిలుపు వచ్చాక పీఆర్ దరఖాస్తు సమర్పించే రోజుకీ అది చెల్లుతూ ఉండాలి.