డెల్ఫ్ట్‌లో చదువు: నెలకు ఎంత పంపాలి?

ప్రశ్న: మా అమ్మాయి (24) సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఎమ్మెస్‌లో చేరుతోంది. ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. నెలకు ఎంత పంపాలి? పార్ట్ టైమ్ చేసుకుంటే ఖర్చులు వెళ్లిపోతాయని తెలిసినవాళ్లు అంటున్నారు, నిజమేనా? – ఖమ్మం నుంచి ఒక తండ్రి

జవాబు: ముందు మీ బడ్జెట్‌లో పార్ట్ టైమ్ సంపాదన దగ్గర సున్నా వేయండి. వస్తే లోన్ వడ్డీకి పనికొస్తుంది, రాకపోతే టెన్షన్ ఉండదు. అక్కడ మన పిల్లలు వారానికి 16 గంటలు, లేదంటే జూన్, జులై, ఆగస్టుల్లో ఫుల్ టైమ్ చేయొచ్చు. అదీ పనిలో పెట్టుకునేవాళ్లు వర్క్ పర్మిట్ తెస్తేనే, ఆ కాగితాల గోల మాకెందుకని చాలామంది తీసుకోరు. దొరికితే గంటకు 14 యూరోల పైనే, తక్కువేం కాదు. కానీ వారానికి నాలుగు గంటల పనిలో చేరినా సరే, అప్పటిదాకా ఉన్న స్టూడెంట్ ఇన్సూరెన్స్ సరిపోదు, డచ్ హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాల్సిందే, నెలకు దాదాపు 150 యూరోలు. ఆదాయం తక్కువ కాబట్టి అందులో చాలా భాగం జోర్గ్‌టుస్లాగ్ అనే ప్రభుత్వ సాయం కింద వెనక్కి వస్తుంది, అప్లై చేసుకుంటేనే సుమా. కట్టకుండా నెట్టుకొస్తే జరిమానా ఉత్తరం ఇంటికొస్తుంది.

అసలు ఖర్చు అద్దె దగ్గరే తేలిపోతుంది. వంటగది, బాత్రూమ్ అందరితో పంచుకునే గది 600 యూరోలు, సొంత తలుపు, సొంత వంటగది, టాయిలెట్ ఉన్న స్టూడియో 750 అనుకుందాం. ఎవరైనా గదే చవక అంటారు. కానీ అద్దె సాయం, అంటే హ్యూర్‌టుస్లాగ్, మామూలుగా రెండో రకానికే ఇస్తారు, అది నెలకు 200 యూరోలు వచ్చినా స్టూడియోనే చవకైపోతుంది కదా. అందుకే ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆ అడ్రస్‌కి సాయం వస్తుందో లేదో అమ్మాయిని కనుక్కోమనండి. మున్సిపాలిటీలో ఆ అడ్రస్ మీద నమోదు చేసుకోవద్దు అనే ఓనరైతే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి, నమోదు లేకపోతే ఈ సాయం ఊసే ఉండదు, మిగతా పనులూ ఆగిపోతాయి. అడ్వాన్సు కూడా రెండు నెలల అద్దెకి మించి అడగకూడదని 2023 జులై నుంచి అక్కడ చట్టం ఉంది. ఇల్లు చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు, ఇల్లే లేని ఇంటికి అడ్వాన్సు కట్టి మోసపోయేవాళ్లు ప్రతి ఆగస్టులోనూ ఉంటారు.

తిండికి 200 యూరోలు చాలు, ఇంట్లో వండుకుంటే. లిడ్ల్, ఆల్డీ అనే సూపర్ మార్కెట్లలో సరుకులు తీసుకుని, పప్పులూ బెండకాయలూ కావాలంటే ట్రామ్‌లో హేగ్‌కి వెళ్లి హాగ్సె మార్క్‌ట్ అనే సంతలో కొనుక్కోవచ్చు, సోమ, బుధ, శుక్ర, శని వారాల్లో ఉంటుంది. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, నీళ్ల బాటిళ్లు కొనక్కర్లేదు. కూల్ డ్రింక్ డబ్బా మీద 15 సెంట్లు, పెద్ద ప్లాస్టిక్ బాటిల్ మీద 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీవి సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే ఆ స్లిప్పు బిల్లులో తగ్గిస్తారు. చిల్లరే, పారేయకుండా ఉంటే చాలు. సైకిల్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది తీసుకుని, తాళానికి కాస్త ఎక్కువే పెట్టమనండి, అక్కడ సైకిల్ దొంగలు మామూలే.

అన్నీ కలిపి నెలకు 1,100 యూరోలు వేసుకోండి. ఇక మీరు రెండుసార్లు పంపే ప్రమాదం ఒకటుంది. వీసా కోసం ముందే యూనివర్సిటీకి కట్టే 13 వేల యూరోల పైచిలుకు ఫీజు కాదు, అది జీవన ఖర్చుల డబ్బు, అమ్మాయి అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాక తిరిగి ఆమెకే ఇస్తారు. మొదటి ఏడాది ఖర్చు అందులోంచే నడవాలి, మీరు నెలనెలా పంపాల్సిన పని లేదు. మొత్తం ఒకేసారి చేతికొస్తుంది కాబట్టి దాన్ని వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టి, నెలకింతని తన ఖాతాకి వచ్చేలా పెట్టుకోమనండి. ఇక్కడి నుంచి కట్టేది మాత్రం లోన్ నుంచి నేరుగా బ్యాంకు ద్వారానే వెళ్లనివ్వండి, 2025 ఏప్రిల్ నుంచి ఎడ్యుకేషన్ లోన్ మీద పంపే డబ్బుకి టీసీఎస్ (విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు, మీ సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే మాత్రం పడుతుంది.