హ్యాండ్‌వీల్ అంకె ప్యానెల్ మీదికి

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలో మందుల ప్యాకింగ్ కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జిని, మాది హిందూపురం. కార్టన్ సైజు మారినప్పుడల్లా మెషిన్ మీద హ్యాండ్‌వీల్స్ తిప్పి గైడ్లు (డబ్బాను పక్కల నుంచి పట్టి నడిపే పట్టీలు) సెట్ చేస్తాం. అతికించిన స్టీలు స్కేలు చూసి ఒకరు 62 అంటే ఇంకొకరు 63 అంటారు, డబ్బాలు నలుగుతున్నాయి. పొజిషన్లన్నీ స్క్రీన్ మీద కనబడాలని ఓనరు పట్టు. ఏవి కొనమంటారు?

జవాబు: ముందు ప్రతి హ్యాండ్‌వీల్ కింద స్క్రూ పిచ్ ఎంతో, అంటే ఒక చుట్టుకి గైడ్ ఎంత జరుగుతుందో రాసుకోండి. పది చుట్లు ఒకే దిక్కుకి తిప్పి, గైడ్ జరిగిన దూరం వెర్నియర్‌తో కొలిచి పదితో భాగించండి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 4 మి.మీ. పిచ్ స్క్రూకి చుట్టుకి 5 మి.మీ. లెక్కపెట్టే కౌంటరు (వీల్ చుట్లను అంకెగా చూపేది) తగిలిస్తే, పది చుట్లకు అది 50 అంటుంది, గైడ్ జరిగేది 40. షాఫ్ట్ (వీల్ ఇరుసు) మందం, ఏ వైపు తిప్పితే అంకె పెరగాలో కూడా ఆర్డరులో రాయాలి.

నెలకోసారి కూడా కదలని వీల్స్‌కి మామూలు మెకానికల్ కౌంటరు చాలు. షాఫ్ట్ మీద తొడిగి స్క్రూ బిగిస్తారు. వెనక ఉన్న పిన్ను మెషిన్ బాడీలోని రంధ్రంలో కూర్చోవాలి, లేకపోతే కౌంటరే గిర్రున తిరుగుతుంది. వైరు లేదు, బ్యాటరీ లేదు. సైజువారీ అంకెలు కార్డు మీద రాసి తగిలించండి.

రోజూ కదిలేవాటికి ఐఓ-లింక్ (పరికరానికీ ప్యానెల్‌కీ మధ్య అంకెలు అటూ ఇటూ పంపే పద్ధతి) ఉన్న ఎలక్ట్రానిక్ ఇండికేటర్లకే నా ఓటు. మామూలు మూడు కోర్ల కేబుల్, 24 వోల్టులు, 20 మీటర్ల దాకా. పీఎల్‌సీ (ప్యానెల్‌లో మెషిన్‌ని నడిపే చిన్న కంప్యూటరు) ఆ సైజుకి కావాల్సిన అంకె పంపుతుంది. ఇండికేటరు ఆ అంకె, ఇప్పుడున్న అంకె రెండూ చూపిస్తుంది, సరిపోతే పచ్చ దీపం. అన్నీ పచ్చబడేదాకా మెషిన్ స్టార్ట్ కాకుండా ప్రోగ్రాం పెట్టించండి. డబ్బు పెట్టాల్సింది దీనికి, ఊరికే స్క్రీన్ మీద అంకెలు చూసుకోవడానికి కాదని ఓనరుకి చెప్పండి. పాత ప్యానెల్‌లో ఐఓ-లింక్ పెట్టే వీలు లేకపోతే 4-20 మిల్లీయాంప్ అవుట్‌పుట్ అడగండి. ఇందులో గైడ్ ఈ చివరుంటే 4, ఆ చివరుంటే 20 మిల్లీయాంప్ కరెంటు వెళ్తుంది. వైరు తెగితే కరెంటు సున్నాకి పడుతుంది కాబట్టి ప్యానెల్‌కి వెంటనే తెలుస్తుంది. 0-10 వోల్టుల్లో అయితే తెగిన వైరు కూడా గైడ్ సున్నా దగ్గరున్నట్టే కనబడొచ్చు. కరెంటు లేనప్పుడు ఎవరైనా వీల్ తిప్పితే, వచ్చాక సరైన అంకె చూపిస్తుందా? ఇది అమ్మేవాళ్లను నోటితో కాదు, మీ ఎదుటే తిప్పి చూపించమనండి.

ఇంతా చేసినా వీటిలో ఏదీ గైడ్‌ను చూడదు. షాఫ్ట్ ఎంత తిరిగిందో అదే చెబుతుంది. బురదలో చక్రం ఊరికే తిరిగినా బండి మీటరు కిలోమీటర్లు ఎక్కిస్తూనే ఉంటుంది కదా, స్క్రూ మీద గైడ్‌ను జరిపే నట్టు అరిగి వదులైతే ఇదీ అంతే. అందుకే ఎప్పుడూ ఒకే వైపు నుంచి అంకెకి రండి. దాటిపోతే ఒక చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. లాక్ లివరు బిగించాకే అంకె చూడండి, బిగింపులో కొంచెం జరుగుతుంది.

ఆర్డరు ఇచ్చే ముందు ఒక హ్యాండ్‌వీల్‌ను ఒకే గుర్తు దగ్గరికి ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి తెచ్చి, రెండుసార్లూ గైడ్ ఎక్కడుందో వెర్నియర్‌తో కొలవండి. మీ కార్టన్ ఓర్చుకునేదానికంటే తేడా ఎక్కువుంటే ముందు నట్టు మార్చండి. దానికోసం బెంగళూరు ఎస్పీ రోడ్డు బజారంతా తిరగక్కర్లేదు, పీణ్యాలోనే బోలెడు లేత్ షాపులున్నాయి. పాత స్క్రూ చూపించి గన్‌మెటల్‌లో చేయించుకోండి.