కొత్త స్కీలా, ఇంకో నాలుగు రేసులా?

కోచ్ లేరు, స్పాన్సర్ లేరు, ఉన్న కాస్త డబ్బుతో కొత్త జెయింట్ స్లాలమ్ (మంచు వాలు మీద గేట్లనే స్తంభాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే రేసు) స్కీలు కొనాలా, మరో నాలుగు రేసులకు వెళ్లాలా అని అడిగారు. నా ఓటు రేసులకే.

స్లాలమ్, జెయింట్ స్లాలమ్ లాంటి ఒక్కో విభాగంలో మీ ఉత్తమ ఫలితాలు రెండింటి సగటే మీ ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పాయింట్లు. అవి ఎంత తగ్గితే అంత మంచి స్టార్ట్ నంబరు వస్తుంది. అందుకే ఒకే విభాగం పట్టుకుని కూర్చోండి. రేసు ఎంచుకునేటప్పుడు పెనాల్టీ, అంటే వచ్చినవాళ్ల స్థాయిని బట్టి ఆ రేసులో అందరి పాయింట్లకూ కలిపే అంకె, చూడండి. గట్టివాళ్లు వచ్చిన చోట అది తక్కువ. బలహీనమైన రేసులో పోడియం ఎక్కడం కన్నా గట్టివాళ్లున్న రేసులో పదిహేనో స్థానమే మీకు లాభం కావచ్చు. ఫొటో బాగా రాదు, అంతే!

మీ నంబరు వచ్చేసరికి ట్రాక్ గుంతలు పడిపోతోందన్నారు. మొదటి రన్‌లో ఎలాగోలా తొలి 30 మందిలోకి రండి. రెండో రన్‌లో సాధారణంగా ఆ 30 మందినీ తిరగేసి పంపుతారు, ముప్పయ్యోవాళ్లకే శుభ్రమైన ట్రాక్ దొరుకుతుంది. మొదటి గేట్లలో సాహసాలు వద్దు.

ఐస్ మీద పట్టు చిక్కకపోవడం స్కీల వయసు వల్లే అనుకోకండి. అంచుకు అడ్డంగా గోరు మెల్లగా లాగండి. గోటి పొడి రాలితే పదునున్నట్టు, జారిపోతే లేనట్టు. ఆకురాయి పట్టాక అంచున మిగిలే సన్నటి ఇనుప పొరను డైమండ్ స్టోన్‌తో తీసేయాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

తర్వాతెప్పుడైనా సెకండ్ హ్యాండ్ కొంటే రేసులకు కావాల్సిన 30 మీటర్ల రేడియస్ (స్కీ పక్క అంచు వంపు వ్యాసార్థం) ఉందో లేదో స్కీ మీదే చదివి చూసుకోండి.